కంటి పొరల్లోని కొవ్వు, వాపు సంకేతాలు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

శుక్లం ఆపరేషన్ తరువాత వాడే చుక్కల మందుల గురించి ఈ శీర్షికలో ఇదివరకు వచ్చిన సమాధానం చదివి నెల్లూరు, ప్రకాశం ప్రాంతాల పాఠకులు ఉత్తరాలు రాశారు. ఎవరి ప్రశ్న వారిదే అయినా వాటన్నిటికీ మూలం ఒక్కటే. కంటిలోని కణాలు వాపు సంకేతాల్లో, అంటే వాపును మొదలుపెట్టే రసాయనాల్లో, చాలావాటిని ముందుగా తయారుచేసి దాచుకోవు. తమ పొరల్లో ఉన్న కొవ్వు ఆమ్లాల నుంచి అప్పటికప్పుడు చేసుకుంటాయి. ఆ తయారీ ఎక్కడెక్కడ ఎలా జరుగుతుందో తెలిస్తే, డాక్టరు ఏ చుక్క ఎందుకు రాశారో కూడా తెలుస్తుంది. అందుకే ఈసారి స్థలమంతా ఈ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: ఈ మధ్యనే నెల్లూరులో నా కుడికంటికి శుక్లం ఆపరేషన్ జరిగింది. ఆపరేషన్‌కు ముందే నొప్పి తగ్గించే చుక్కల మందు ఒకటి వేశారు. ఇంటికి పంపేటప్పుడు స్టెరాయిడ్ చుక్కలతో పాటు ఆ నొప్పి మందును కూడా కొన్ని వారాలు వేసుకోమన్నారు. నాకు నొప్పి లేదు, చూపు బాగానే ఉంది. అయినా రెండు మందులూ ఎందుకు వాడాలి?
(విశ్రాంత ఉపాధ్యాయుడు, కావలి)

సమాధానం: మాస్టారూ, మీ కంటికి నొప్పి లేకపోవడం సంతోషించవలసిన విషయమే కానీ, ఆ చుక్కలు రాసింది నొప్పి ఒక్కదాని కోసమే కాదు. లోపల ఏం జరుగుతుందో కొంచెం వివరంగా చెబుతాను.

మన ఒంట్లో ప్రతి కణాన్నీ రెండు వరుసల కొవ్వు అణువులతో ఏర్పడిన పలుచని పొర చుట్టి ఉంటుంది. ఈ అణువులను ఫాస్ఫోలిపిడ్లు అంటారు. ఒక్కొక్క ఫాస్ఫోలిపిడ్‌కు రెండేసి కొవ్వు ఆమ్లాలు అతుక్కుని ఉంటాయి. వాటిలో రెండో స్థానంలో తరచుగా కనిపించేది అరాకిడోనిక్ ఆమ్లం. ఇందులో 20 కార్బన్ పరమాణువులు, 4 ద్విబంధాలు ఉంటాయి. పొరకు అతుక్కుని ఉన్నంతకాలం అది పొరలో ఒక భాగం మాత్రమే, దానివల్ల ఏ సంకేతమూ పుట్టదు. కణానికి దెబ్బ తగిలినా, బయటి నుంచి ఉత్తేజం అందినా లోపల కాల్షియం పెరుగుతుంది; అప్పుడు ఫాస్ఫోలైపేజ్ ఎ2 అనే ఎంజైము పొర దగ్గరికి చేరి ఆ ఆమ్లాన్ని అక్కడి నుంచి విడగొడుతుంది. విడిపడిన ఆమ్లానికి సైక్లోఆక్సిజనేజ్ అనే మరో ఎంజైము ఆక్సిజన్‌ను చేర్చి, ప్రోస్టాగ్లాండిన్ హెచ్2 అనే నిలకడలేని పదార్థంగా మారుస్తుంది. ఆ తరువాత అది ఏ రూపం తీసుకుంటుందనేది ఆ కణంలో ఏ ఎంజైములు ఉన్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. సంగం ఆనకట్ట దగ్గర నిలిచిన పెన్న నీరు ఒక్కటే అయినా ఏ తూము తెరిస్తే ఆ పొలానికే పారినట్లు, ముడిసరుకు ఒక్కటే అయినా ఒక కణజాలంలో ప్రోస్టాగ్లాండిన్ ఇ2 ఎక్కువగా తయారవుతుంది, మరొక చోట డి2, ఇంకొక చోట ఎఫ్2 ఆల్ఫా తయారవుతాయి. మొదట చెప్పిన వాపు సంకేతాల్లో ముఖ్యమైనవి ఈ ప్రోస్టాగ్లాండిన్లే.

కంటిలో ఈ పని ఎక్కువగా జరిగే చోటు, కనుపాప చుట్టూ రంగుగా కనిపించే ఐరిస్, దాని వెనుక ఉండే సీలియరీ బాడీ. శుక్లం తీసేటప్పుడు పరికరాలు వెళ్ళేది సరిగ్గా వీటి పక్క నుంచే. సర్జన్ చెయ్యి ఎంత నేర్పుగలదైనా, ఐరిస్‌కు కాస్త ఒరిపిడి తగలక తప్పదు. తగిలిన నిమిషాల్లోనే అక్కడి కణాలు ప్రోస్టాగ్లాండిన్లను విడుదల చేస్తాయి. వాటివల్ల మూడు మార్పులు వస్తాయి. కనుపాప ముడుచుకుపోతుంది. రక్తనాళాలు విప్పారతాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, రక్తానికీ కంటిలోని స్వచ్ఛమైన నీటికీ మధ్య ఉన్న కట్టడి సడలి, రక్తంలోని ప్రోటీన్లు ఆ నీటిలోకి ఊరుతాయి. ఆపరేషన్ మరునాడు డాక్టరుగారు మిమ్మల్ని స్లిట్ ల్యాంప్ ముందు కూర్చోబెట్టి సన్నని వెలుతురు వేసి చూసింది ఇదే. నీరు స్వచ్ఛంగా ఉంటే ఆ వెలుగు గీత నీటిలో కనిపించదు. ప్రోటీన్లు చేరితే మసకగా కనిపిస్తుంది.

ఇది నిన్న మొన్న తెలిసిన సంగతి కాదు. 1957లో ఆంబాష్ అనే పరిశోధకుడు కుందేలు ఐరిస్ నుంచి, కండరాలను ముడుచుకునేలా చేసే ఒక పదార్థాన్ని వేరుచేసి దానికి ఐరిన్ అని పేరు పెట్టాడు. 1964లో స్వీడన్‌కు చెందిన ఎంగోర్డ్, శామ్యూల్‌సన్ గొర్రె ఐరిస్‌లోని అలాంటి పదార్థాన్ని పరిశీలించి, అందులో ప్రోస్టాగ్లాండిన్లు ఉన్నాయని చూపారు. 1971లో ఇంగ్లండ్‌లో జాన్ వేన్, ఆస్పిరిన్ వంటి మందులు ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపడం ద్వారానే పనిచేస్తాయని నిరూపించాడు. స్వీడన్‌కే చెందిన బెర్గ్‌స్ట్రోమ్, శామ్యూల్‌సన్, వేన్ ముగ్గురికీ కలిపి 1982లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి ఇచ్చారు. మీరు నొప్పి మందు అని రాసిన కెటోరోలాక్, నెపాఫెనాక్, బ్రోమ్‌ఫెనాక్ వంటి చుక్కలు ఆస్పిరిన్ బంధువులే. అవి అడ్డుకునేది సైక్లోఆక్సిజనేజ్‌ను. ఆపరేషన్‌కు ముందే వేయడంలో ఉద్దేశం, మధ్యలో కనుపాప ముడుచుకుపోకుండా చూడడం. కనుపాప చిన్నదైతే సర్జన్‌కు లెన్సు సరిగా కనిపించదు, ప్రమాదం పెరుగుతుంది.

వీటిలో నెపాఫెనాక్ సంగతి చెప్పుకోదగ్గది. సీసాలో ఉన్నప్పుడు దానికి పెద్దగా శక్తి లేదు. నల్లగుడ్డును దాటి లోపలికి వెళ్ళిన తరువాత, కంటి కణజాలాల్లోని ఎంజైములే దాన్ని ఆమ్‌ఫెనాక్ అనే చురుకైన మందుగా మారుస్తాయి. వాపు సంకేతాన్ని తయారుచేసే కణజాలమే దాన్ని ఆపే మందును కూడా సిద్ధం చేసుకుంటుందన్న మాట. మందుల తయారీలో ఇంత అందమైన ఆలోచనలు నాకు ఎక్కువగా కనిపించలేదు.

ఇక ఆపరేషన్ తరువాత వారాల తరబడి ఎందుకు అన్నది మీ అసలు ప్రశ్న. శరీరంలో మిగతా చోట్ల ప్రోస్టాగ్లాండిన్లు పుట్టిన కొద్దిసేపటికే ఎంజైముల వల్ల నశిస్తాయి. కంటిలో వాటిని అలా విరగ్గొట్టే సామర్థ్యం బాగా తక్కువ. సీలియరీ బాడీ కణాలు వాటిని పనిగట్టుకుని రక్తంలోకి తోడిపోయాలి. వాపు వచ్చిన కంటిలో ఆ తోడే పని మందగిస్తుంది. దాంతో ముందుభాగంలో పుట్టిన పదార్థాలు వెనుకనున్న రెటీనా దాకా పాకే అవకాశం ఉంది. రెటీనా మధ్యలో సూటి చూపునిచ్చే మాక్యులా దగ్గర రక్తనాళాలు సడలి నీరు ఊరితే, చిన్న చిన్న నీటి తిత్తుల్లాంటివి ఏర్పడి చూపు మసకబారుతుంది. ఇది సాధారణంగా బయటపడేది ఆపరేషన్ అయిన నాలుగు నుంచి ఆరు వారాలకు, అంటే మొదట బాగా కనిపించి, అంతా అయిపోయిందనుకుని చుక్కలు మానేసే సమయానికి. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. మధుమేహం ఉన్నవారిలో ఈ ప్రమాదం ఎక్కువ.

స్టెరాయిడ్ ఎందుకంటే, అది ఇంకా పైస్థాయిలో పనిచేస్తుంది. పొర నుంచి అరాకిడోనిక్ ఆమ్లం విడిపడడాన్నే తగ్గిస్తుంది, పైగా వాపు సమయంలో కొత్తగా తయారయ్యే సైక్లోఆక్సిజనేజ్-2ను కూడా అణచివేస్తుంది. అందువల్ల ప్రోస్టాగ్లాండిన్లతో పాటు, అదే ఆమ్లం నుంచి మరో దారిలో పుట్టి తెల్లరక్తకణాలను పిలిచే ల్యూకోట్రయీన్లు కూడా తగ్గుతాయి. నొప్పి మందు ల్యూకోట్రయీన్లను ఆపలేదు. స్టెరాయిడ్‌ను అవసరానికి మించి వాడితే కంటి ఒత్తిడి పెరుగుతుంది. రెండిటినీ కలిపి, స్టెరాయిడ్‌ను వారం వారం తగ్గిస్తూ ఇచ్చేది అందుకే. డాక్టరు రాసిచ్చిన తేదీ వరకు వేసుకోండి. ఆ తేదీ దాటాక సీసాలో మిగిలింది కదా అని మాత్రం కొనసాగించవద్దు.

ప్రశ్న: నేను ఒంగోలులో డిగ్రీ మూడో సంవత్సరం జీవరసాయన శాస్త్రం చదువుతున్నాను. మా పాఠంలో ఈ పదార్థాలన్నీ కలిపి ఒకే పటంలో ఇచ్చారు. కంటిలో అన్ని పొరలూ ఒకే రకం సంకేతాలను తయారుచేస్తాయా? రెటీనాలో అరాకిడోనిక్ ఆమ్లం కన్నా వేరే కొవ్వు ఎక్కువని విన్నాను. నిజమేనా?
(విద్యార్థిని, ఒంగోలు)

సమాధానం: నిజమే అమ్మా. ఆ పటం శరీరం మొత్తానికి గీసింది. ఏ ఒక్క కణంలోనూ అందులోని దారులన్నీ తెరిచి ఉండవు. కంటిని ముందు నుంచి వెనక్కి ఒక్కొక్క పొరగా చూస్తే ఈ తేడా బాగా తెలుస్తుంది.

కంటి తెల్లభాగాన్నీ రెప్పల లోపలివైపునూ కప్పే కంజంక్టివాలో, అలర్జీని మొదలుపెట్టే మాస్ట్ కణాలు ఉంటాయి. పుప్పొడో దుమ్మో పడక అలర్జీ మొదలైతే, దురద పుట్టించే హిస్టమిన్‌ను అవి ముందే నిల్వచేసుకుని ఉంటాయి కనుక వెంటనే విడుదల చేస్తాయి. ప్రోస్టాగ్లాండిన్ డి2నూ ల్యూకోట్రయీన్ సి4నూ మాత్రం ఆ క్షణంలో పొరలోని కొవ్వు నుంచి తయారుచేస్తాయి. అందుకే దురద తక్షణం మొదలై, ఆ తరువాత వాపు, జిగురు కొనసాగుతాయి.

కార్నియా, అంటే నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర, మరో తీరు. దానికి రక్తనాళాలు లేవు, ఉండకూడదు కూడా. ఉంటే చూపుకు అడ్డం. అక్కడి పైకణాల్లో సైక్లోఆక్సిజనేజ్‌తో పాటు లైపాక్సిజనేజ్ అనే ఎంజైముల దారీ, సైటోక్రోమ్ పి450 అనే మరో ఎంజైముల దారీ ముఖ్యమైనవి. వీటిలో పి450 దారిలో పుట్టే 12-హైడ్రాక్సీ ఆమ్లాల్లో ఒకటి, కార్నియాలోని సోడియం-పొటాషియం పంపును నిరోధిస్తుంది. కార్నియా నీరు పట్టి ఉబ్బకుండా పారదర్శకంగా ఉండేది ఆ పంపు వల్లనే. దానికి దగ్గర బంధువైన మరొక ఆమ్లం కొత్త రక్తనాళాలను కార్నియాలోకి పిలుస్తుంది. ఆక్సిజన్ సరిగా అందనప్పుడు, ఉదాహరణకు కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునే నిద్రపోయినప్పుడు, ఈ దారి చురుకవుతుంది. మరోవైపు అదే కార్నియాలో, అదే అరాకిడోనిక్ ఆమ్లం నుంచి లైపాక్సిజనేజ్‌లు లైపాక్సిన్ ఎ4ను కూడా తయారుచేస్తాయి. లైపాక్సిన్లను 1984లో సెర్హాన్, హామ్‌బెర్గ్, శామ్యూల్‌సన్ గుర్తించారు. అవి తెల్లరక్తకణాల రాకను తగ్గిస్తూ గాయం మానడానికి తోడ్పడతాయి. వాపు తగ్గడమంటే సంకేతాలు అయిపోవడమేనని చాలాకాలం అనుకునేవారు. తగ్గించడానికి కూడా వేరే సంకేతాలను కణం తయారుచేసుకోవలసి ఉంటుందని ఈ పరిశోధనలు చూపాయి. నీ పాఠ్యపుస్తకంలో ఈ భాగానికి రెండు వాక్యాలే ఉండవచ్చు. నా దృష్టిలో మొత్తం అధ్యాయంలో జాగ్రత్తగా చదవవలసింది ఇదే.

ఇప్పుడు రెటీనా. కాంతిని పట్టే కణాల చివర్లలో పొరలు పళ్ళేల్లాగా దొంతరలు దొంతరలుగా ఉంటాయి. వాటిలోని కొవ్వు ఆమ్లాల్లో దాదాపు సగం డోకోసాహెక్సాయినోయిక్ ఆమ్లం, క్లుప్తంగా డీహెచ్ఏ. దీనిలో 22 కార్బన్లు, 6 ద్విబంధాలు ఉంటాయి. ఇన్ని ద్విబంధాలుంటే పొర మెత్తగా, చలనశీలంగా ఉంటుంది. వెలుగు తగిలినప్పుడు, కాంతిని పట్టే రొడాప్సిన్ అనే ప్రోటీన్ ఆకారం మారడానికి అది అనుకూలం. కానీ ద్విబంధాలు ఎక్కువగా ఉన్న కొవ్వు ఆక్సిజన్‌తో త్వరగా చెడిపోతుంది, పైగా రెటీనా నిండా వెలుగు, నిండా ఆక్సిజన్. అందుకే ఆ చివర్లలో సుమారు పదో వంతు ప్రతిరోజూ రాలిపోతుంది. రెటీనా వెనుకనున్న వర్ణకణాల పొర వాటిని మింగి, డీహెచ్ఏను భద్రంగా వెనక్కి పంపుతుంది.

ఆ వర్ణకణాలు మరొక పని కూడా చేస్తాయి. ఆక్సిజన్ వల్ల కణాలకు హాని పెరిగినప్పుడు అవి డీహెచ్ఏ నుంచి 15-లైపాక్సిజనేజ్ సాయంతో న్యూరోప్రొటెక్టిన్ డి1 అనే పదార్థాన్ని తయారుచేస్తాయి. కణం తనను తాను చంపుకునే ప్రక్రియను అది అడ్డుకుంటుంది. అమెరికాలోని లూసియానాలో నికొలస్ బాజాన్ బృందం 2004లో దీన్ని వర్ణకణాల్లో చూపింది. ముందుభాగంలో పొర నుంచి కోసి తీసిన కొవ్వుతో కన్ను ముప్పు గురించి హెచ్చరిస్తే, వెనుకభాగంలో అదే పద్ధతిలో తీసిన మరో కొవ్వుతో తన చూపుకణాలను కాపాడుకుంటోంది. పరీక్షలో పటం గీసేటప్పుడు ప్రతి బాణం పక్కన ఆ ఎంజైము ఏ కణజాలంలో ఉంటుందో కూడా రాసి చూడు. అప్పుడు గుర్తుపెట్టుకోవడం తేలికవుతుంది.

ప్రశ్న: మా అత్తగారికి నీటికాసుల జబ్బు (కంటి ఒత్తిడి పెరిగే గ్లాకోమా) ఉందని లాటానోప్రోస్ట్ చుక్కలు రాత్రిపూట వేయమన్నారు. మందు డబ్బాలోని కాగితంలో ఇది ప్రోస్టాగ్లాండిన్ జాతి మందు అని ఉంది. ప్రోస్టాగ్లాండిన్ల వల్ల కంటికి వాపు వస్తుందని మీరే రాశారు కదా. అలాంటిది కంట్లో వేయవచ్చా? వేసిన దగ్గర నుంచి ఆవిడ కళ్ళు కొంచెం ఎర్రగా ఉంటున్నాయి.
(గృహిణి, కందుకూరు)

సమాధానం: అమ్మా, మీ సందేహం ఒకప్పుడు శాస్త్రవేత్తలకు కూడా వచ్చిందే. తొలి ప్రయోగాల్లో కుందేళ్ళ కళ్ళలో ప్రోస్టాగ్లాండిన్లను ఎక్కువ మోతాదులో వేస్తే ఒత్తిడి పెరిగి వాపు వచ్చింది. దాంతో ఇవి కంటికి హానికరమని అందరూ తీర్మానించుకున్నారు. హంగరీలో పుట్టి అమెరికా వెళ్ళిన లాస్లో బిటో మాత్రం, కంటిలో సహజంగా పుట్టే పదార్థానికి సహజమైన పని ఏదో ఉండి తీరాలని నమ్మాడు. 1977లో కామ్రస్, బిటో, ఈకిన్స్ కలిసి, కుందేళ్ళ కళ్ళలో చుక్కలుగా వేసినప్పుడు ప్రోస్టాగ్లాండిన్లు ఒత్తిడిని తగ్గిస్తాయని ప్రచురించారు. మోతాదును బట్టి ఫలితం తలకిందులవుతోందన్న మాట. ఆ దారిలో ఎఫ్2 ఆల్ఫా నిర్మాణాన్ని మార్చి చేసిన లాటానోప్రోస్ట్‌కు అమెరికాలో 1996లో అనుమతి లభించింది. నీటికాసుల వైద్యంలో ఇది పెద్ద మలుపు; అంతకుముందు రోజుకు రెండు మూడు సార్లు వేయవలసిన చుక్కలే ఎక్కువగా ఉండేవి.

దీని బలం 0.005 శాతమే. సీలియరీ కండరంలోని పీచుల మధ్య పదార్థాన్ని ఇది సడలించి, కంటిలోని నీరు ఆ కండరం గుండా బయటకు ఇంకిపోయేలా చేస్తుంది. ఒత్తిడి సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకు తగ్గుతుంది. కొద్దిపాటి ఎరుపు చాలామందిలో వస్తుంది, తరచుగా కొన్ని వారాల్లో తగ్గుతుంది. రెప్పవెంట్రుకలు పొడవుగా పెరగడం, కంటి చుట్టూ చర్మం కాస్త నల్లబడడం కూడా ఈ మందు వల్ల జరిగేవే. ఎరుపుతో పాటు నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా చూపించండి. ఆమెకు ఇదివరకు కంటిలోపల యువియైటిస్ వంటి వాపు జబ్బు వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి. శుక్లం ఆపరేషన్ చేయించుకునే పక్షంలో ఈ చుక్కలు వాడుతున్నట్లు ముందే చెప్పండి.

మందు నిల్వ గురించి ఒక మాట. తెరవని సీసాను ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. తెరిచాక 25 డిగ్రీలకు మించని చోట ఆరు వారాలు వాడవచ్చు. రోహిణి కార్తెలో మన ఇళ్ళలో ఆ చల్లదనం ఎక్కడుంటుంది? కాబట్టి తెరిచిన సీసాను కూడా ఫ్రిజ్ తలుపులోనే పెట్టండి, గడ్డకట్టే గదిలో మాత్రం పెట్టవద్దు. కళ్ళు ఎర్రబడ్డాయని మీ అంతట మీరు ఆపకండి. ఒత్తిడి పెరిగినా ఆమెకు తెలియదు. పోయిన చూపు తిరిగి రాదు.

ప్రశ్న: మేము వారానికి రెండు మూడు సార్లు చేపలు తింటాం. కళ్ళు పొడిబారుతున్నాయని ఒకరు చేపనూనె గుళికలు వేసుకోమన్నారు. మరొకరు వేరుశనగనూనె, పొద్దుతిరుగుడునూనె వల్లనే వాపు సంకేతాలు పెరుగుతాయన్నారు. ఏది నమ్మాలి?
(పాఠకుడు, గూడూరు)

సమాధానం: రెండో మాట సగమే నిజం. ఆ నూనెల్లో ఉండే లినోలియిక్ ఆమ్లం నుంచి శరీరం అరాకిడోనిక్ ఆమ్లాన్ని తయారుచేసుకోగలదు. అయితే ఆ మార్పిడి గట్టి అదుపులో ఉంటుంది. నూనె ఎక్కువ తిన్నంత మాత్రాన రక్తంలో అరాకిడోనిక్ ఆమ్లం చెప్పుకోదగినంతగా పెరగదు. కళ్ళ కోసం తాలింపు నూనె మార్చనక్కరలేదు.

చేపనూనె గురించి జాగ్రత్తగా జరిగిన పరీక్ష ఉంది. కళ్ళు పొడిబారిన 535 మందితో అమెరికాలో ఏడాదిపాటు చేసిన అధ్యయనంలో, కొందరికి రోజుకు 3,000 మిల్లీగ్రాముల ఒమేగా-3 (చేపనూనెలోని కొవ్వు ఆమ్లాలు) ఇచ్చారు, మిగిలినవారికి ఆలివ్ నూనె గుళికలు ఇచ్చారు. 2018లో వెలువడిన ఫలితాల ప్రకారం ఇరువర్గాల్లోనూ బాధ తగ్గింది, తేడా మాత్రం లేదు. వయసుతో వచ్చే మాక్యులా క్షీణతలో కూడా, రోజూ తీసుకునే విటమిన్ మాత్రలకు ఒమేగా-3 చేర్చడం వల్ల అదనపు లాభం కనిపించలేదని 2013లో మరో పెద్ద అధ్యయనం తేల్చింది. కొవ్వు ఆమ్లం నోటి ద్వారా ఇచ్చినంత మాత్రాన, కంటిలోని ఎంజైము దాన్ని మనం కోరిన సంకేతంగా మారుస్తుందన్న హామీ లేదు. గుళికల డబ్బు మిగుల్చుకోండి. కవళ్ళు, కానగుర్తలు వంటి కొవ్వు చేపల్లో డీహెచ్ఏ సమృద్ధిగా ఉంటుంది. పులుసు పెట్టుకుని తినడం మంచి ఆహారమే, తప్పక కొనసాగించండి. పొడిబారడానికి కారణం రెప్పల అంచున ఉండే నూనెగ్రంథులు మూసుకుపోవడం కావచ్చు, కీళ్ళవాతం కావచ్చు. అది కంటి డాక్టరు చూసి చెప్పవలసినది.

ప్రశ్న: కళ్ళమంటకు ఆముదం చుక్క వేసుకోవచ్చా?
(పాఠకురాలు, అద్దంకి)

సమాధానం: వద్దు. ఆముదంలో ప్రధానంగా ఉండే రిసినోలియిక్ ఆమ్లం కణాల మీద ప్రోస్టాగ్లాండిన్ ఇ2ను అందుకునే గ్రాహకాల్లో ఒకదాన్ని ఉత్తేజపరుస్తుందనీ, ఆముదం తాగితే విరేచనాలు కావడానికి కారణం అదేననీ 2012లో ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. కంటి మందుల కంపెనీలు శుద్ధిచేసిన ఆముదాన్ని కొన్ని చుక్కల్లో కొద్ది పరిమాణంలో వాడతాయి కానీ అది సూక్ష్మక్రిములు లేకుండా తయారైనది. గానుగ నుంచి తెచ్చిన నూనె అలాంటిది కాదు.

ప్రశ్న: మిరపకాయలు కోసేటప్పుడు, కళ్ళంలో ఆరబోసేటప్పుడు నా భార్యకు కళ్ళు విపరీతంగా మండుతాయి. మందుల షాపులో ఇచ్చిన చుక్కలు వేస్తే వెంటనే తగ్గుతున్నాయి. రెండేళ్ళుగా ప్రతి కోత సమయంలోనూ అవే వాడుతోంది. ఈమధ్య చూపు తగ్గిందంటోంది. సీసా మీద డెక్సామెథసోన్ అని ఉంది.
(రైతు, త్రిపురాంతకం)

సమాధానం: అయ్యా, ఈ సంచికలో అన్నిటికన్నా ముందు సమాధానం చెప్పవలసిన ఉత్తరం మీది. డెక్సామెథసోన్ బలమైన స్టెరాయిడ్.

మిరప ఘాటులోని కాప్సైసిన్ మొదట తగిలేది కంటిలోని నరాల కొసలకు. మంట పుట్టేది అక్కడే. వాపు సంకేతాలు దాని వెనుక వస్తాయి. అందువల్ల మొదటి వైద్యం శుభ్రమైన నీటితో పది పదిహేను నిమిషాలు కళ్ళు కడగడం, కోత సమయంలో కళ్ళను అన్ని వైపులా కప్పే అద్దాలు పెట్టుకోవడం. స్టెరాయిడ్ వేస్తే ఎరుపు త్వరగా తగ్గేమాట నిజం. పొర నుంచి కొవ్వు ఆమ్లం విడిపోవడాన్నే అది తగ్గిస్తుందని పైన మాస్టారికి రాశాను. ఆ ఉపశమనమే ఆమెను దానికి అలవాటు చేసింది. కానీ అదే మందు నెలల తరబడి పడితే కంటి ఒత్తిడి పెరిగి నీటికాసులు రావచ్చు, చిన్న వయసులోనే శుక్లం రావచ్చు. చూపు తగ్గడానికి ఈ రెండిటిలో ఏది కారణమో చూడాలి.

మరొక ప్రమాదం పొలంలో పనిచేసేవారందరూ తెలుసుకోవలసినది. వరి ఆకు గీసుకునో, వడ్లగింజ ఎగిరిపడో, కట్టెపుల్ల గుచ్చుకునో కార్నియాకు గాయమైతే, దాని వెంట బూజుజాతి క్రిములు లోపల చేరతాయి. వాటితో పోరాడడానికి తెల్లరక్తకణాలు రావాలి; వాటిని పిలిచే ముఖ్యమైన సంకేతాల్లో ఒకటి అరాకిడోనిక్ ఆమ్లం నుంచే పుట్టే ల్యూకోట్రయీన్ బి4. స్టెరాయిడ్ వేసి ఆ పిలుపును ఆపితే, ఎరుపు తగ్గి కన్ను బాగుపడినట్లే కనిపిస్తుంది, లోపల బూజు మాత్రం పెరుగుతుంది. డాక్టరు దగ్గరికి వచ్చేసరికి నల్లగుడ్డు మీద తెల్లని పుండు పడి ఉంటుంది. మానినా అక్కడ పువ్వు మిగిలిపోతుంది, కొందరికి కార్నియా మార్పిడి తప్ప గత్యంతరం ఉండదు. కంట్లో ఆకో గింజో పడి గాయమైనప్పుడు డాక్టరు చూడకుండా స్టెరాయిడ్ చుక్క వేయడం, వాపు సంకేతాలు మన మేలు కోసం చేస్తున్న పనిని మధ్యలో ఆపేయడమే.

ఈ వారంలోనే ఆమెను ఒంగోలులోనో మీకు దగ్గరలోనో కంటి డాక్టరుకు చూపించండి. చుక్కల సీసాను కూడా తీసుకువెళ్ళి, ఎంతకాలంగా, రోజుకు ఎన్నిసార్లు వేశారో దాచకుండా చెప్పండి. కంటి ఒత్తిడి కొలవమనీ, కనుపాప పెద్దది చేసి వెనుక నరాన్ని చూడమనీ అడగండి. స్టెరాయిడ్ వల్ల పెరిగిన ఒత్తిడి చాలామందిలో మందు ఆపిన కొన్ని వారాలకు దిగుతుంది. అప్పటికే నరం దెబ్బతిని ఉంటే ఒత్తిడి తగ్గించే చుక్కలు కొనసాగించవలసి వస్తుంది. శుక్లమే కారణమైతే ఆపరేషన్‌తో చూపు తిరిగి వస్తుంది.